ఎలిజబెత్ బ్రౌనింగ్: ఇటలీ కొండలలో

1846వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీ అపరాహ్ణవేళ లండన్ నగరమున, వింపోల్ వీధిలోని ఒక పెద్ద యింటి మెట్లు దిగి నలువది యేండ్ల స్త్రీ యొకతె చడీచప్పుడు లేకుండ వీధిలోనికి నడచెను. ఆమె వెంట పనికత్తె విల్సన్ తప్ప మరెవ్వరును లేరు. ఫ్లష్ అను పెంపుడు కుక్కను కూడ వెంట తీసికొనిపోవుచుండిరి. అది ఒక్కసారి మొరిగినచో గుట్టు బయటపడును. దగ్గరలోని పుస్తకముల అంగడిలో ఆమె భర్త కాచుకొనియుండెను. వారికి వివాహమై అప్పటికి సరిగా ఏడు దినములు. ఆ ఏడు దినములును ఆమె వేలి ఉంగరము తీసి దాచి, ఏమియు జరుగనట్లు తండ్రి యింటనే గడపెను.

ఆమె ఎలిజబెత్ బారెట్. నాటి ఇంగ్లండులో కవిత్వము చదువువారికి ఆమె పేరు సుపరిచితము. భర్త రాబర్ట్ బ్రౌనింగ్ ఆమెకంటె ఆరేండ్లు చిన్నవాడు. అతడును కవియే గాని అప్పటికి అతనికి పాఠకులు బహు కొద్దిమంది. రుక్మిణీకల్యాణము చదివి పెరిగిన తెలుగువారికి ఈ కథ తెలిసినదే యనిపించును. కాని ఇందు రథము లేదు, వెంటాడి వచ్చిన సైన్యము లేదు. ఏండ్ల తరబడి గదికే అంకితమైన ఒక రోగి తన కాళ్లతో తానే గడప దాటుట మాత్రమే కలదు. ఆ గడప ఎంత ఎత్తైనదో తెలియవలెనన్నచో వెనుకటి కథ కొంత చెప్పవలసియున్నది.

ఎలిజబెత్ 1806వ సంవత్సరము మార్చి 6వ తేదీన ఇంగ్లండు ఉత్తరభాగమున డర్హమ్ మండలములో జన్మించెను. పండ్రెండుగురు సంతానములో ఆమెయే పెద్దది. తండ్రి ఎడ్వర్డ్ బారెట్ గారి సంపద జమైకా ద్వీపములోని చెరకుతోటల నుండి వచ్చినది. ఆ తోటలలో పాటుపడినవారు బానిసలు. బాల్యము మాల్వెర్న్ కొండల చెంత హోప్ ఎండ్ అను భవనమున గడచెను. తురుష్కుల ఫక్కిని మినారులు కట్టిన విచిత్రమైన ఇల్లది. తమ్ముని కొరకు వచ్చిన ఉపాధ్యాయుని యొద్ద ఆ బాలిక తానును కూర్చుండి గ్రీకు నేర్చుకొనెను. తమ్ముడు పాఠశాలకు పోయిన పిమ్మటను ఆమె చదువు మానలేదు. 1820లో, పదునాలుగవ యేట, మారథాన్ యుద్ధమును గూర్చి ఆమె వ్రాసిన కావ్యమును చూచి తండ్రి మురిసిపోయి ఏబది ప్రతులు అచ్చువేయించెను. ఈ సంగతి మరువరాదు. తరువాతి కాలమున ఆమెను గదిలో బంధించిన చేయియు, ఆమె పద్యములను మొట్టమొదట అచ్చుకెక్కించిన చేయియు ఒక్కటే.

పదునైదవ యేట ఆమెకు జబ్బు చేసెను. అది ఇట్టిదని నాటి వైద్యులు నిర్ణయింపలేకపోయిరి. బాధ తగ్గుటకు నల్లమందు ఇచ్చిరి. ఆ అలవాటు జీవితాంతము ఆమెను విడువలేదు. 1828లో తల్లి మరణించెను. ఆస్తి తరిగి 1832లో హోప్ ఎండ్ అమ్ముడుపోయెను. 1838లో ఊపిరితిత్తుల బలహీనత వలన ఆమెను సముద్రతీరమందలి టోర్కీ పట్టణమునకు పంపిరి. ప్రాణప్రదమైన పెద్ద తమ్ముడు ఎడ్వర్డు తనకు తోడుగ అచ్చటనే ఉండవలెనని ఆమె పట్టుపట్టెను. తండ్రి అయిష్టముగ అంగీకరించెను. 1840 జూలైలో ఆ తమ్ముడు పడవ షికారుకు పోయి సముద్రమున మునిగి మరణించెను. తన మూలముననే తమ్ముడు పోయెనను తలంపు ఆమెను జీవితమంతయు బాధించెను. ఆ దుఃఖమును గూర్చి దగ్గరివారితో సైతము ఆమె నోరు విప్పి మాటలాడలేకపోయెను.

1841లో లండన్ తిరిగివచ్చి వింపోల్ వీధి యింటి పైగదిలో ప్రవేశించెను. కిటికీలు బిగించి, సోఫాపై పడుకొని, పుస్తకములతోడను ఉత్తరములతోడను కాలము గడపెను. మిట్‌ఫర్డ్ అను రచయిత్రి కానుకగ పంపిన ఫ్లష్ ఆమె కాళ్ల దగ్గర పడుకొనియుండెడిది. ఆ చీకటి గదినుండియే ఆమె గనులలోను కర్మాగారములలోను బాల్యము ధారపోయు పిల్లల మొరను 1843లో పద్యముగ వ్రాసెను. ఆ పద్యము దేశమును కదల్చినది. మరుసటి యేడు రెండు సంపుటములుగ వెలువడిన కవితలు ఆమె కీర్తిని అట్లాంటిక్ సముద్రము దాటించినవి.

ఆ సంపుటములలో ఒకచోట బ్రౌనింగ్ పేరు మెప్పుతో ప్రస్తావింపబడినది. అది చదివి అతడు 1845 జనవరి 10వ తేదీన ఆమెకు మొదటి ఉత్తరము వ్రాసెను. మే 20వ తేదీన మొదటిసారి ఆమెను చూచెను. ఇరువది నెలలలో ఇద్దరి నడుమ 574 ఉత్తరములు నడచినవి. తాను రోగినని, వయస్సు మించినదానినని, అతని జీవితమునకు బరువగుదునని ఆమె పలుమారులు వారించెను. అతడు వెనుదీయలేదు.

అసలు అడ్డంకి తండ్రి. తన సంతానములో ఎవ్వరును, కొడుకులు గాని కూతుండ్రు గాని, వివాహమాడరాదని ఆయన శాసనము. కారణము ఆయన ఎన్నడును చెప్పలేదు. 1930లో వచ్చిన ఒక ప్రసిద్ధ నాటకము, దానినుండి తీసిన చలనచిత్రము ఆయనను రాక్షసునిగ చిత్రించినవి. అది అన్యాయము. బిడ్డలయందు ఆయనకు గల ప్రేమలో లోపము లేదు. ఆ ప్రేమ పిడికిలి విప్పుట ఎరుగకపోవుటయే దోషము. 1845లో వైద్యులు చలికాలమునకు ఆమెను ఇటలీలోని పీసా నగరమునకు పంపుడనిరి. మరియొక శీతకాలము లండన్ పొగమంచులో గడపినచో ప్రాణమునకే ముప్పని ఆమె భయము. తండ్రి సమ్మతింపలేదు. ఆమె కన్నులు తెరచినది బ్రౌనింగ్ ప్రేమ ఒక్కటియే కాదు, ఈ నిరాకరణము కూడ. తన ప్రాణముకంటె తన విధేయతయే తండ్రికి ముఖ్యమని ఆమెకు అప్పుడు తెలిసెను.

1846 సెప్టెంబరులో ఇంటికి మరమ్మతులు చేయించుటకై కుటుంబమును పల్లెకు తరలింపుమని తండ్రి ఆజ్ఞాపించెను. ఇక ఆలస్యమునకు తావులేదు. 12వ తేదీ ఉదయమున ఆమె విల్సన్ తోడుగ ఇల్లు వెడలి, దారిలో కాళ్లు తడబడగా మందుల అంగడిలో ఆగి, సొమ్మసిల్లకుండ మందు వాసన చూచి, మేరిల్‌బోన్ చర్చికి చేరెను. ఇద్దరే సాక్షులుగ వివాహము జరిగెను. వధూవరులు చర్చి వాకిటనే విడిపోయిరి. వారము గడచిన పిమ్మట జరిగినది పైన చెప్పియేయున్నాము.

ఆంగ్లేయులు హనీమూన్ అని పిలుచు నూతన దంపతుల విహారయాత్ర వీరికి భయముతో ప్రారంభమైనది. సౌతాంప్టన్‌లో ఓడ ఎక్కి ఫ్రాన్సు చేరి, పారిస్‌లో కొన్ని దినములు నిలిచిరి. అచ్చట కళావిమర్శకురాలు శ్రీమతి జేమిసన్ వీరిని చూచి ఆశ్చర్యపడి, సంతోషించి, తన మేనకోడలితో కూడ వీరి వెంట బయలుదేరెను. ఓర్లియాన్ పట్టణమున ఇంటినుండి ఉత్తరములు వచ్చి కాచుకొనియున్నవి. తండ్రి ఉత్తరము కఠినముగనుండెను. చెల్లెండ్ర ఉత్తరములు మాత్రము ప్రేమతో నిండియుండెను. అచ్చటినుండి లియోన్, అవిన్యోన్‌ల మీదుగ దక్షిణమునకు పోయిరి. దారిలో వోక్లూస్ అను ఊటను దర్శించిరి. అయిదువందల ఏండ్లకు పూర్వము ఇటలీ మహాకవి పెట్రార్క్ లారా అను సుందరిని తలచుచు సానెట్లు వ్రాసిన చోటది. బ్రౌనింగ్ భార్యను ఎత్తుకొని నీటి నడుమనున్న బండమీద కూర్చుండబెట్టెననియు, ఫ్లష్ నీళ్లలోనికి దుమికి వెంటబడెననియు చెప్పుదురు. మార్సేల్స్‌లో ఓడ ఎక్కి, జెనోవా, లివోర్నోల మీదుగ అక్టోబరులో పీసా చేరిరి.

ఏడాది క్రితము తండ్రి వలదన్న పీసా అదియే. వాలిన గోపురమునకు సమీపమున ఒక ప్రాచీన విద్యాభవనములో గదులు అద్దెకు తీసికొనిరి. భోజనము పూటకూటింటినుండి వచ్చెడిది. ఎలిజబెత్ ఎండలో నడచుచు కొద్ది వారములలోనే రంగు తేరినది. ఆమె మెరుగుపడలేదు, మారిపోయినదని శ్రీమతి జేమిసన్ మెచ్చుకొనెను. నూతన వధువు ఆ శీతకాలమున అచ్చట కూర్చుండి వ్రాసినదేమి? ప్రకృతివర్ణన కాదు, ప్రణయగీతము కాదు. అమెరికాలో యజమానుని క్రౌర్యమునకు గురియై పారిపోయిన నీగ్రో బానిసస్త్రీ ఆక్రోశము ఆ కవితావస్తువు. అమెరికాలోని బానిసత్వ నిర్మూలన ఉద్యమమువారి కొరకు వ్రాసి బోస్టన్ నగరమునకు పంపినది. బానిసల చెమటతో కూడబెట్టిన ధనము తిని పెరిగినదాననను సంగతి ఆమె ఎన్నడును దాచలేదు. తండ్రి యింటి గడప దాటిన మూడు నెలలకే ఆ యింటి పునాదిని ఆమె కవితతో కదల్చినది. ఈ యాత్రలో ఆమె చేసిన మొదటి సాహసము వివాహమైనచో, రెండవది ఈ కవిత.

1847 మార్చిలో పీసాలో ఆమెకు గర్భస్రావమయ్యెను. ఏప్రిల్‌లో దంపతులు ఫ్లారెన్సు చేరిరి. జూలైలో ఎండలు ముదిరినంతనే చల్లదనము కొరకు వల్లాంబ్రోసా కొండకు బయలుదేరిరి. మిల్టన్ మహాకవి ప్యారడైస్ లాస్ట్ కావ్యమున ఈ లోయలో రాలిన ఆకులను ఉపమానముగ గ్రహించుటచే ఆంగ్లేయులకు అది పుణ్యక్షేత్రమువంటిది. పెలాగో అను గ్రామము దాటిన పిమ్మట బండి పోవు దారి లేదు. ఎలిజబెత్, విల్సన్‌లను సామానుతో కూడ చక్రములు లేని బుట్టబండ్లలో కూర్చుండబెట్టి తెల్లని యెద్దులచే కొండపైకి లాగించిరి. బ్రౌనింగ్ గుర్రముపై వెంట నడచెను. దేవదారుల చీకటిలో, రాళ్లపై దొర్లుచు, గంటల తరబడి సాగిన ఆ ప్రయాణమున ఆమె అలసెను గాని ఆనందమునకు మేర లేదు. అయిదేండ్లు సోఫా దిగని స్త్రీ ఎద్దుల బండిలో కొండ ఎక్కుచుండెనని వింపోల్ వీధిలో ఎవరు నమ్మగలరు?

ఆ కొండపై రెండు మాసములు నిలువవలెనని వారి సంకల్పము. కాని మఠమునకు క్రొత్తగ వచ్చిన అధిపతి నియమములయందు మిక్కిలి పట్టుదల గలవాడు. ఆడువారు ఆ చుట్టుపట్ల తడవుండుట ఆయనకు సమ్మతము కాదు. అయిదు దినములు గడచుసరికి దిగిపొండనెను. ఎలిజబెత్ దీనికి కోపగించుటకంటె నవ్వుకొనుటయే ఎక్కువ. తండ్రి ఆజ్ఞను దాటి వచ్చిన ఆమెను మఠాధిపతి ఆజ్ఞ కొండ దింపినది.

తిరిగివచ్చి ఫ్లారెన్సులో పిట్టీ రాజభవనమునకు ఎదురుగనున్న కాసా గ్విదీ అను భవనములో వాటా తీసికొనిరి. సెప్టెంబరు 12వ తేదీన, వారి పెండ్లి జరిగి సరిగా ఏడాది నిండిన దినమున, కిటికీల క్రింద మూడు గంటలకు పైగా ఊరేగింపు సాగెను. టస్కనీ పాలకుడు గ్రాండ్ డ్యూక్ లియొపోల్డ్ ప్రజలకు పౌరసైన్యము నెలకొల్పుకొను హక్కు ఇచ్చినందుకు నగరమంతయు ఉత్సవము చేసికొనుచుండెను. ఇటలీ అప్పటికి ఒక దేశము కాదు. చిన్న చిన్న రాజ్యములుగ చీలి ఆస్ట్రియా నీడలో మ్రగ్గుచుండెను. దంపతులు కిటికీలనుండి చేతిరుమాళ్లు విసరిరి. రెండేండ్లు తిరుగకముందే ఆ డ్యూకే పారిపోయి, ఆస్ట్రియా సైన్యమును వెంటబెట్టుకొని తిరిగివచ్చెను. ఆ కిటికీల క్రిందనే ఆ సైన్యము నడచెను. మొదటి దృశ్యము కలిగించిన ఆశయు, రెండవ దృశ్యము కలిగించిన నిరాశయు 1851లో కాసా గ్విదీ విండోస్ అను కావ్యముగ రూపొందినవి.

1849 మార్చి 9వ తేదీన, నలువదిమూడేండ్లు నిండిన మూడవనాడు, ఆమె మగబిడ్డను కన్నది. దీనికై నల్లమందును ఎంతో పట్టుదలతో తగ్గించుకొనెను. ఆ దినములలోనే ఇంగ్లండులో బ్రౌనింగ్ తల్లి మరణించెను. బిడ్డ పుట్టిన సంతోషమును అనుభవింపనీయక ఆ వార్త అతనిని కృంగదీసినది. ఈ మారు భర్తను ఓదార్చి కొండకు తీసికొనిపోయినది భార్యయే.

వారు పోయినది బాన్యి ది లుక్కా. లీమా నది లోయలో వేడినీటి ఊటల చుట్టు వెలసిన మూడు పల్లెలవి. దంపతులు అన్నిటికంటె ఎత్తైన పల్లెలో ఇల్లు తీసికొనిరి. చుట్టును చెస్ట్‌నట్ వనములు, క్రింద నది హోరు, చీకటిపడగనే మిణుగురులు. సంతలో కూరలమ్మువారి కేకలు వినబడనంత ఎత్తు. ఎలిజబెత్ ఇచ్చట భర్తతోపాటు కొండ దారులలో నడచెను. ఒకనాడు పసిబిడ్డతోను విల్సన్‌తోను గాడిదలపై ప్రాతో ఫియొరీతో అను పర్వతశిఖరమునకు పోయివచ్చిరి. ఆ దారులు ఏరులు పారి కోసివేసిన గండ్లు. ఇరుప్రక్కల అగాధములు. మన కొండలమీది డోలీ ప్రయాణములు ఎరిగినవారికి ఆ భయమును, ఆ సంబరమును వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ వేసవిలోనే ఆమె ఒక రహస్యము బయటపెట్టెను. వింపోల్ వీధిలో అతడు తనను చూడవచ్చుచుండిన కాలమున ఆమె తన ప్రేమను, సందేహములను, భయములను ఒక్కొక్క సానెట్‌గ వ్రాసి దాచినది. అవి 44. సొంత ప్రేమను పద్యములలో పెట్టుట తగదని అతడెప్పుడో యథాలాపముగ అనుటచే మూడేండ్లు వాటిని చూపలేదు. ఇది పీసాలో జరిగినదని కొందరు వ్రాసిరి గాని, బాన్యి ది లుక్కాలోనే అని బ్రౌనింగ్ స్వయముగ ఒక లేఖలో చెప్పియున్నాడు. తల్లిని పోగొట్టుకొని దిగులుతోనున్న భర్తకు ఆమె ఇంతకంటె ఇయ్యగలది లేదు. షేక్స్‌పియరు తరువాత ఇట్టి సానెట్లు ఆంగ్లమున లేవని అతడు నిర్ణయించి, దాచుకొను హక్కు తనకు లేదని, ప్రచురింపుమనెను. 1850లో అవి సానెట్స్ ఫ్రం ది పోర్చుగీస్ అను పేర వెలువడినవి. పరభాషనుండి అనువదించినట్లు లోకమునకు తోపించుటకే ఆ ముసుగు. పోర్చుగీసు కవి కమోయెన్స్ ప్రియురాలిని గూర్చి ఆమె వ్రాసిన పద్యము అతనికి అత్యంత ప్రియమైనది గనుక, ఆ పేరులో దంపతులకు మాత్రమే తెలిసిన ముచ్చట కూడ కలదు.

అదే యేడు వేసవిలో మరల గర్భస్రావమై ప్రాణాపాయమయ్యెను. లేవలేని ఆమెను రైలులో సియెనా నగరమునకు కొనిపోయిరి. మూడు కొండలపై కట్టిన ఎర్రమట్టియిటుకల ఊరది. పొలిమేరలో పొజ్జో అల్ వెంతో అను ఇంట విడిసిరి. గాలి దిబ్బ యని ఆ పేరునకు అర్థము. ద్రాక్షతోటల నడుమ ఆ గాలి ఆమెకు మరల ప్రాణము పోసినది. తిరిగిపోవుటకు ముందు కొన్ని దినములు నగరములో నిలిచి, ప్రాచీన చిత్రకారుల పనితనము చూచిరి.

ప్రేమ వలననే ఆమె వ్యాధి మాయమైనదని చెప్పు కథలు పెక్కు కలవు. అది సగము సత్యము. వెచ్చని గాలి, నడక, తగ్గిన నల్లమందు, తెరచిన కిటికీ, వీటి పాలు వీటికి ఈయవలెను. మిగిలిన సగము ఆమె పట్టుదల. దంపతులు అన్ని విషయములలోను ఏకాభిప్రాయులని తలచుటయు పొరపాటే. ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్‌ను ఆమె ఇటలీకి రక్షకునిగ కొలిచెను, భర్తకు అతనిపై నమ్మకము లేదు. మృతుల ఆత్మలతో సంభాషించు కూటములను ఆమె విశ్వసించెను, భర్త ఏవగించుకొనెను. వాదులాడుకొనిరి, ఐనను విడిపోలేదు. ఇంటి ఖర్చులకు ప్రధానాధారము ఆమె సొమ్మే. వీరి పరిచయమునకు మొదటినుండి తోడ్పడిన జాన్ కెన్యన్ ఏటేట నూరు పౌనులిచ్చుచు, 1856లో మరణించుచు 11,000 పౌనులు వ్రాసియిచ్చెను.

మానని గాయము ఒక్కటి. 1851లో దంపతులు బిడ్డతో లండన్ వచ్చినపుడు ఆమె తండ్రికి వ్రాసెను. ఆయన కఠినమైన జవాబుతోపాటు, అయిదేండ్లుగా ఆమె పంపిన ఉత్తరములన్నియు తిరిగి పంపెను. ఒక్కదాని ముద్రయు విప్పలేదు. అందు కొన్ని కవరుల అంచులకు నల్లని గీత కలదు. మరణవార్తకు గురుతు అది. కూతురు బ్రతికియున్నదో లేదో తెలిసికొనుటకైనను ఆయన విప్పలేదు. 1857 ఏప్రిల్‌లో ఆయన అట్లే మరణించెను. అంతకు కొన్ని మాసముల ముందే ఆమె మహాకావ్యము అరోరా లీ వెలువడి కీర్తిని శిఖరమున నిలిపియుండెను. తన రచనచే తాను బ్రతుకు కవయిత్రి కథ అది. ఆ విజయమును గూర్చి తండ్రినుండి ఒక్క మాటయు రాలేదు.

1859 జూలైలో మూడవ నెపోలియన్ ఇటలీని నడిమార్గమున విడిచి విల్లాఫ్రాంకాలో ఆస్ట్రియాతో సంధి చేసికొనెను. ఆ వార్తకు ఎలిజబెత్ మంచము పట్టెను. మరల సియెనా కొండలకు కొనిపోయిరి. ఆ వేసవియు, మరు వేసవియు అచ్చటనే గడచినవి. ఆమె కోలుకొనెను గాని పూర్వపు బలము రాలేదు. 1860లో చెల్లెలు హెన్రియెట్టా మరణించెను. 1861 జూన్ 6వ తేదీన ఇటలీ ఐక్యతకు సూత్రధారియైన కావూర్ మరణించెను. ఆ నెల 29వ తేదీ తెల్లవారుజామున, కాసా గ్విదీలో, భర్త చేతులలో ఆమె కన్నుమూసెను. అంత్యక్రియల దినమున ఆ వీధిలోని అంగళ్లు మూసివేసిరి. నగరపాలకులు ఆ యింటి గోడపై కృతజ్ఞతాఫలకము చెక్కించిరి.

బ్రౌనింగ్ పండ్రెండేండ్ల కొడుకును తీసికొని ఆ వేసవిలోనే ఫ్లారెన్సు విడిచెను. తరువాత ఇరువది ఎనిమిదేండ్లు జీవించి, మహాకవియని పేరుగాంచి, ఇటలీకి పలుమారులు పోయెను గాని ఆ నగరమున మరల అడుగిడలేదు. 1889 డిసెంబరు 12వ తేదీన వెనిస్‌లో మరణించెను. ఫ్లారెన్సులోని ఆ శ్మశానమున క్రొత్త సమాధులకు అనుమతి అప్పటికే నిలిచిపోయినందున, అతని దేహమును లండన్ చేర్చి వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఖననము చేసిరి. ఆమె సమాధి ఫ్లారెన్సులోనే కలదు.